బిషప్ అజరయ్యగారు, ప్రభువు బల్ల

ధ్యానింపవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 10:16–17, 11:17–34, గలతీయులకు 2:11–14.



తెలుగు క్రైస్తవులలో బిషప్ అజరయ్యగారి పేరు విననివారు తక్కువ. ఇండియా దేశములో ఆంగ్లికను సంఘమునకు మొట్టమొదటి దేశీయ బిషప్ ఆయనే అనియు, దోర్నకల్‌లోని గొప్ప దేవాలయము ఆయన కట్టించినదే అనియు మన పెద్దలు మనకు చెప్పుచు వచ్చిరి. ఈ నెల మేము ఆయన జీవితమును ఒక్క వైపునుండి మాత్రమే చెప్పదలచినాము. అది ప్రభువు బల్ల వైపు. ఎవరు ఎవరితో కూర్చుండి తినవచ్చును అను ప్రశ్న చిన్నతనము మొదలుకొని చివరి దినముల వరకు ఆయనను విడువలేదు. ఊరిలో అది కులప్రశ్న. దొరల బంగళాలో అది రంగుప్రశ్న. సంఘములో అది మిషనుల ప్రశ్న. మూడింటికిని ఆయన ఒక్క చోటనే జవాబు వెదకిరి.

మా సింహాద్రిపురము, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతపు పల్లె సంఘములలో సంస్కారపు ఆదివారము ఎట్లు గడచుచున్నదో అందరికిని తెలిసినదే. ఒక్క అయ్యగారికి అనేకమైన ఊళ్లు. ఆయన వచ్చిన ఆదివారమే బల్ల. మిగిలిన వారములలో ఉపదేశిగారో సంఘపెద్దయో ఆరాధన జరుపుదురు. చీనీతోటలకు నీళ్లు కట్టు దినములలోను, బుడ్డలు పీకు దినములలోను సంస్కారపు ఆదివారమునకు సహితము సగము చాపలు ఖాళీ. వచ్చినవారిలో కొందరు బల్ల సిద్ధపరచు వేళకు లేచి వెలుపలికి పోవుదురు. మరికొందరు ముందు ఎవరు మోకరించిరో చూచి, తరువాత కదలుదురు. ఎందుకు చూచుచున్నారో వారికి తెలియును, మనకును తెలియును.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించిరి. నేడు ఆ ఊరు తమిళనాడులోని తూత్తుక్కుడి జిల్లాలో ఉన్నది. తండ్రి తామస్ వేదనాయగంగారు హిందూ మతమునుండి వచ్చి, సంఘగురువుగా అభిషేకము పొందినవారు. తల్లి ఎల్లెన్ అమ్మగారు. ఎంతో కాలము ప్రార్థనతో ఎదురుచూచిన మీదట కలిగిన కుమారుడు గనుక, హన్నాను తలంచుకొని బిడ్డకు సమూయేలు అని పేరు పెట్టిరి. వేదనాయగం సమూయేలు అజరయ్య అన్నది పూర్తి పేరు. 1889లో తండ్రి గతించిరి. అప్పటికి బాలునికి పదునైదేండ్లు. ఆపైన తల్లి క్రమశిక్షణయే ఆయనను తీర్చిదిద్దెను.

వారిది నాడారు కులము. ఆ కాలమున శానార్లని పిలిచెడివారు. తాటిచెట్లెక్కి నీరా దించి బెల్లము కాచుట వారిలో అనేకుల వృత్తి. హిందూ దేవాలయములలోనికి వారికి ప్రవేశము లేదు. సువార్త వచ్చి ఆ జనమును లేపెను. బడులు వచ్చెను, గుడులు వచ్చెను. కులము మాత్రము గుడి గడప బయట చెప్పులతోపాటు విడువబడలేదు.

ఇందుకు తిరునెల్వేలి సీమలోనే ఒక సాక్ష్యము నిలిచియున్నది. వడక్కన్‌కుళము అను ఊరిలో రోమను కతోలికుల విచారణ గుడి యొకటి కలదు. 1872లో ఆ గుడిని రెండు చేతులుగా చీల్చి కట్టిరి. ఆ రెండు చేతులును బలిపీఠమునొద్ద కలియును. ఒక దానిలో వెళ్లాళరు, మరియొక దానిలో నాడార్లు; నడుమ అడ్డుగోడ. గురువు పీఠమునొద్ద నిలిచి ఇరువైపులవారికిని ఒక్క పూజయే చేయును. ప్రసాదము ఒక్కటే, పీఠము ఒక్కటే; అయినను ఒకరి ముఖము మరియొకరికి కనబడదు. 1910లో గాని ఆ గోడను తీసివేయలేదు.

ప్రొటెస్టంటులమైన మనము దీనిని చూచి నవ్వుటకు లేదు. 1833లో కలకత్తా బిషప్ డానియేలు విల్సనుగారు దక్షిణదేశపు ప్రొటెస్టంటు సంఘములకు లేఖ వ్రాసి, గుడిలోను ప్రభువు బల్లయొద్దను కులభేదము ఇక నిలువరాదని ఆజ్ఞాపించినప్పుడు తంజావూరు, మద్రాసు సంఘములలో వందలకొలది జనులు గుడి విడిచి పోయిరి. వారు తరతరములుగా బైబిలు చదివినవారే, కీర్తనలు పాడినవారే. బోధలో వారికి తప్పు కనబడలేదు. పాత్ర అంచున పొరుగువాని పెదవి కనబడెను.

ఇట్టి సీమలో పెరిగిన బాలుడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితశాస్త్రము చదివెను. జబ్బుచేత పరీక్షకు కూర్చుండలేక పట్టము లేకుండ బయటికి వచ్చెను. 1895 మొదలు 1909 వరకు వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అమ్మగారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకరు. తరువాతి కాలమున దోర్నకల్ పల్లె స్త్రీలకు చదువు, శుభ్రత, ప్రార్థన నేర్పిన చేతులు ఆమెవి. ఆమెనుగూర్చి వేరుగా వ్రాయదగినంత కలదు గాని ఈ నెల స్థలము చాలదు.

1902లో అజరయ్యగారు యాళ్పాణము వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమ మనుష్యులను సువార్తకు పంపుట చూచి, ఇంతటి తిరునెల్వేలి సంఘము ఏమి చేయుచున్నదని సిగ్గుపడి ఇంటికి వచ్చిరి. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరి 12న, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టెను. రెండింటిలోను ఆయన చేయి ఉన్నది. విదేశపు డబ్బు లేకుండ, ఈ దేశపు మనుష్యులే ఈ దేశములో సువార్త ప్రకటించుట వాటి ఉద్దేశము.

ఆ తిరునెల్వేలి సొసైటీవారు పని చేయుటకు ఎన్నుకొనిన స్థలము మన తెలుగుదేశము. నిజాము రాజ్యములో బొగ్గుగనుల దారిలో ఉన్న దోర్నకల్ అను రైల్వే జంక్షను. నేడది తెలంగాణములో మహబూబాబాదు జిల్లాలోనిది. 1906లో అక్కడ మొదటి బాప్తిస్మములు జరిగెను. పంపుటకు మనుష్యులను వెదకుచుండిన అజరయ్యగారికి, ఇతరులను పొమ్మని చెప్పు తాను ఎందుకు పోకూడదను ప్రశ్న వచ్చెను. మంచి జీతము, పేరు గల పనిని విడిచి, 1909లో గురుత్వమునకు అభిషేకము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సులో కుటుంబముతో దోర్నకల్ చేరిరి. తొలుత గుడారములలో నివసించిరి. తెలుగు అక్షరములు దిద్దుటతో పని ప్రారంభించిరి. తమిళుడై పుట్టి తెలుగువారికి గురువగుట అంత సుళువు కాదు. మన తెలుగును ఆయన కష్టపడి సంపాదించుకొనిరి.

మరుసటి సంవత్సరమే, 1910లో, స్కాట్లండు దేశములోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. కూర్చున్నవారిలో దాదాపు అందరును ఐరోపా, అమెరికా దేశములవారే. అజరయ్యగారికి మాటలాడుటకు అవకాశమిచ్చిరి. మిషనరీలకును దేశీయ సేవకులకును నడుమ ఉండవలసిన సహవాసమును గూర్చి ఆయన చెప్పినది ఆ సభలో కొందరికి మిక్కిలి కోపము తెప్పించెను. మిషనరీలు చేసిన త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. వారు ఆస్తిని ఇచ్చిరి, ప్రాణములను సహితము ఇచ్చిరి అని ఒప్పుకొనిరి. అయితే ఇండియా సంఘము వారినుండి కోరునది స్నేహము అని చెప్పిరి. ఏండ్ల తరబడి కలిసి పని చేసినను ఒకరి ఇంట ఒకరు కూర్చుండి భోజనము చేయని సంగతి ఆయన దాచలేదు. టీ, భోజనము, కుర్చీ, కరచాలనము ఇవి ఆయనకు మర్యాదల లెక్క కాదు. ప్రేమ ఉన్నదా లేదా అని తెలుపు గురుతులు.

గలతీ పత్రిక రెండవ అధ్యాయమును ఇక్కడ చదివిన మేలు. అంతియొకయలో పేతురు అన్యజనులనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు తీసి వేరైపోయెను. బోధలో పేతురు ఒక్క అక్షరము మార్చలేదు. విస్తరి మాత్రమే మార్చుకొనెను. అయినను పౌలు అందరియెదుట ఆయనను ఎదిరించెను. అది సువార్త సత్యమును తప్పిపోవుట అని తలంచెను. అజరయ్యగారు ఎడింబరోలో చేసినది ఇటువంటి పనియే అని మేము తలంచుచున్నాము. ఎదుటనున్నవారు దొరలు, ఆయన వారి ధనముతో నడచు సంఘములలో పుట్టినవాడు. అట్టివానికి ఈ మాట చెప్పుట పౌలు చెప్పుటకన్న తేలికయని మేము అనలేము.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు ఆయనలోని దేవుని పిలుపును గుర్తించిరి. దేశీయుని బిషప్‌గా అభిషేకించుటకు దొరలలో అసమ్మతి ఉండెను. దేశీయులలోను అది లేకపోలేదు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో ఆయన అభిషేకము పొందిరి. ముప్పదియెనిమిదేండ్లవారు. తొలుత మండలము చిన్నది. తరువాత కృష్ణా సీమయు, ఎస్.పి.జి. మిషను పనిచేసిన నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములును, మన కడప జిల్లాలోని కలసపాడును ఆయన పాలనక్రిందికి వచ్చెను. ఆయన చివరి దినములకు ఆ మండలములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. వారిలో నూటికి తొంబదిమంది పైగా మాల మాదిగ పల్లెలనుండి వచ్చిన బీదలు.

బిషప్‌గారి పర్యటనలు చాలవరకు ఎడ్లబండిపైన, పల్లెనుండి పల్లెకు. ఆయన అడుగు మాటలు ఇవి: ఎందరు చదువగలరు? ఎందరు అప్పులో ఉన్నారు? ఎవరు తాగుచున్నారు? వీధి శుభ్రముగా ఉన్నదా? మురికి, జబ్బు, అప్పు, తాగుడు అను నాలుగింటిని పల్లెను పట్టిన నాలుగు దయ్యములని ఆయన ఎంచెడివారు. బాప్తిస్మము పొందువారిచేత చేయి తమ తలపై తామే పెట్టించి, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అను పౌలు మాటను ఒప్పుకొనజేయుట ఆయన అలవాటు. పిదప కన్ఫర్మేషను అని మనము పిలుచు స్థిరీకరణ. ప్రభువు ప్రార్థన, విశ్వాసప్రమాణము, పది ఆజ్ఞలు వచ్చునో లేదో చూచి, బిషప్‌గారు తలపై చేతులుంచి ప్రార్థించుదురు. అది పొందినవారే బల్లయొద్దకు వత్తురు.

ఇప్పుడు బల్ల సంగతి. మాలపల్లెలో గుడి కట్టిన మాదిగలు రారు, మాదిగపల్లెలో కట్టిన మాలలు పోరు అను మాట మనకు క్రొత్త కాదు. ఊరివారు ఇద్దరిని ఒకే ఎడముగా పెట్టుదురు. పెట్టబడిన ఇద్దరు ఒకరినొకరు మరల ఎడముగా పెట్టుకొందురు. తన గుడారమునుండి ఒక బీదవాడు మరియొక బీదవానిని వెలివేయుటను చూచుట ఆ నాడారు బిషప్‌గారికి ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును. ఆయన ఇందులో సర్దుబాటు ఒప్పుకొనలేదు. సంఘమునకు గుడి ఒక్కటే, రొట్టె ఒక్కటే, పాత్ర ఒక్కటే. దోర్నకల్ బోర్డింగులో రెండు పల్లెల పిల్లలును ఒకే బంతిలో కూర్చుండి తినిరి. తరువాత కమ్మ, రెడ్డి, తెలగ మొదలైన కులములవారు కొందరు, పల్లెలోని బీద క్రైస్తవుల బ్రదుకు మారుట చూచి సంఘమునకు రాసాగిరి. వారికి బాప్తిస్మపు నీళ్లు అంత కష్టము కాలేదు. నిన్నటి వరకు తమ పొలములో జీతమున్నవాడు త్రాగిన పాత్రలో త్రాగుటయే అసలు పరీక్ష.

కొరింథు సంఘములో జరిగినది ఇదియే కదా. కలవారు ముందుగా తెచ్చుకొని తిని త్రాగి మత్తులగుదురు. కూలి పని ముగించుకొని ప్రొద్దుపోయి వచ్చినవాడు ఆకలితో కూర్చుండును. తరువాత ఇద్దరును ప్రభువు రొట్టె విరుతురు. శరీరమును వివేచింపక తినువాడు తనకు శిక్షావిధినే తినునని పౌలు హెచ్చరించెను. ఈ మాట చదివి మనలో అనేకులు, తమ సొంత పాపములను జ్ఞాపకము చేసికొని, యోగ్యులము కామని బయటికి పోవుదురు. అది వినయమే కావచ్చును. అయితే ఆ అధ్యాయమంతయు చదివిన, పౌలు ఎదుటనున్న పాపము ప్రక్కనున్న బీద సోదరుని క్రీస్తు శరీరములో అవయవముగా ఎంచకపోవుటయే. దాని మందు ఆయన అక్కడనే చెప్పెను: ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని. బయటికి పోవుడని చెప్పలేదు.

అజరయ్యగారి మండలములో క్రమశిక్షణ కఠినము. త్రాగుబోతుతనము, విగ్రహములయెదుట పెండ్లి, భార్యను విడుచుట వంటివాటికి బల్లనుండి దూరము చేసెడివారు. పశ్చాత్తాపపడిన పిమ్మట సంఘమందరియెదుట మరల చేర్చుకొనెడివారు. నేడు చదువరులు దీనిని క్రూరమనవచ్చును. మేము అట్లు అనము. బల్లనుండి తీసివేయుట ఒక శిక్షగా తోచవలెనన్న, బల్లకు రావలెనను ఆకలి ముందు ఉండవలెను. ఆ పల్లెజనులకు ఆ ఆకలి ఉండెను. అందుకొరకే ఆయన తెలుగువారిని గురువులుగా సిద్ధపరచుటకు దోర్నకల్‌లో వేదపాఠశాల నడిపిరి. అభిషిక్తుడు లేని ఊరికి బల్ల లేదు గదా. ఉపదేశులను భార్యలతో కూడ పిలిచి తర్ఫీదు చేసిరి.

ఈ మధ్య మమ్మును తరచు అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. రోమను కతోలికుల దివ్యసత్ప్రసాదమునకును మన సంస్కారమునకును భేదమేమి? వియ్యములు కలియుచుండగా ఈ ప్రశ్న ఇండ్లలోనికి వచ్చినది. దీనికి ఎగతాళితో జవాబు చెప్పుట తగదు. గురువు ప్రతిష్ఠించినప్పుడు రొట్టెయు ద్రాక్షరసమును పైకి అట్లే కనబడుచున్నను నిజముగా క్రీస్తు శరీరరక్తములుగా మారునని వారు విశ్వసించుదురు. అందుచేతనే మిగిలిన ప్రసాదమును మందసములో ఉంచి, దీపము వెలిగించి, దాని ముందు మోకరించుదురు. ప్రతి ఆదివారము పూజకు వచ్చుట వారికి విధి. విచారణ గురువుల పని అంతయు ఆ పీఠము చుట్టునే తిరుగును. పూర్వము పూజ లాటిను భాషలో జరిగెడిది, జనులకు రొట్టె మాత్రమే ఇచ్చెడివారు. 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ తరువాత పూజ తెలుగులోనికి వచ్చినది. మన లండను మిషను పెద్దలు మరియొక కొసనుండి వచ్చినవారు. బల్ల వారికి ముఖ్యముగా ప్రభువు మరణమును జ్ఞాపకము చేసికొనుట, సంఘము కూడి చేయు ఒడంబడిక. ఆంగ్లికనుడైన అజరయ్యగారు నడిమిని నిలిచిరి. రొట్టె రొట్టెగానే యుండును. అయినను అది ఉత్త గురుతు కాదు, విశ్వాసముతో పుచ్చుకొనువానికి క్రీస్తు అందు తన్ను తానే ఇచ్చుకొనును, ఆత్మ ఆహారముగా ఆయనను తిందుము. ఆ సంఘపు ఉపదేశము ఇది.

కతోలిక సోదరులనుండి మనము నేర్చుకొనవలసినది ఉన్నదని మేము మొగమాటము లేక చెప్పుచున్నాము. వారిలో వృద్ధురాలు పొలము పని మాని మైళ్లు నడచి పూజకు పోవును. మనలో ప్రసంగము బాగుండునా అని అడిగి బయలుదేరువారే ఎక్కువ. అయితే ప్రసాదము ముందు మోకరించుట ఎంత భక్తియైనను, వడక్కన్‌కుళపు గోడ ఆ మోకాళ్ల ప్రక్కనే దాదాపు నలుబది యేండ్లు నిలిచెను. మన సరళమైన బల్ల ప్రక్కను గోడలు లేవా? 2020లో కరోనా వచ్చినప్పుడు అనేక సంఘములు ఒక్క పాత్ర విడిచి చిన్న గిన్నెలు పెట్టెను. అంతకుముందే పెట్టినవియు కలవు. జబ్బుకు భయపడి పెట్టినయెడల దోషము లేదు. టీ అంగడిలో వేరు గ్లాసులు పెట్టిన కారణముచేతనే గుడిలోను గిన్నెలు వేరైనయెడల, అది మరియొక సంగతి. ఏ సంఘము ఏ కారణముచేత పెట్టెనో ఆ సంఘమునకే తెలియును.

కులపు గోడ తరువాత మిషనుల గోడ. లండను మిషనువారి జమ్మలమడుగు సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్యసంఘములో చేరెను. కలసపాడు, నంద్యాల ఆంగ్లికనులవి. ఒక జిల్లా, ఒక భాష, ఒక పల్లె జనము, ఒక బైబిలు. అయినను కలసపాడు వైపు పిల్లను జమ్మలమడుగు వైపు ఇచ్చినయెడల ఆమె బల్ల మారెను. జమ్మలమడుగు పిల్ల అక్కడికి కోడలై పోయిన, బిషప్ చేతులుంచు వరకు, ఏండ్లుగా సంస్కారము పుచ్చుకొనినదైనను, ఆంగ్లికను నియమము ప్రకారము ఆగవలెను. ఇంగ్లాండులో ఎప్పుడో పడిన తగవును మన ఆడుబిడ్డలు మోయవలసి వచ్చెను.

1919 మే నెల మొదటి రెండు దినములలో తరంగంబాడిలో, ప్రొటెస్టంటు మిషనరీలు 1706లో తొలుత దిగిన ఆ ఊరిలోనే, ముప్పదిమూడుగురు గురువులు కూడిరి. ఇద్దరు తప్ప అందరును దేశీయులు. అజరయ్యగారు పెద్దలలో ఒకరు. ఈ విభాగములు మేము కోరినవి కావు, ఇవి మాపై పెట్టబడినవి, వీటిచేత మేము బలహీనులమైతిమి అని వారు బహిరంగముగా ఒప్పుకొనిరి. లేఖనములు, విశ్వాసప్రమాణములు, రెండు సంస్కారములు, బిషప్పుల వ్యవస్థ అను నాలుగింటి మీద ఐక్యత వెదకుదమని పిలిచిరి.

పిలుచుట రెండు దినములు, నెరవేరుట ఇరువదియెనిమిదేండ్లు. చిక్కు ఎక్కడ వచ్చెననగా, మరల బల్లయొద్దనే. బిషప్ చేతులుంచని గురువు విరిచిన రొట్టె సరియైన సంస్కారమగునా అని ఆంగ్లికనులలో కొందరు. తమ గురువుల చేతిమీదుగా దేవుడు ఇన్నాళ్లు ఇచ్చిన కృపను కాదనిపించుకొనము అని ఐక్యసంఘమువారు. ఐక్యత కొరకు కూడిన కమిటీలో సహితము, ఉదయము కలిసి ప్రార్థించినవారు బల్లయొద్దకు కలిసి పోవచ్చునా అనునది తీవ్రమైన వాదమాయెను. అజరయ్యగారు బిషప్పుల వ్యవస్థను విడువదలచినవారు కారు. అది సంఘమునకు దేవుని వరమని దృఢముగా నమ్మిరి. తన సంఘపు నియమమును దాటి పరుగెత్తినవారును కారు. అయినను 1927లో లోజాను మహాసభలోను, 1937లో ఎడింబరోలోను, పాశ్చాత్యులకు విభాగములు అలవాటైన సౌకర్యము కావచ్చును గాని, క్రీస్తు ఎరుగని ప్రజల నడుమనున్న సంఘమునకు అవి పాపము, ఆటంకము అని వాదించిరి. 1935లో డాక్టరు అంబేద్కరుగారు తాను హిందువుగా చావనని ప్రకటించిన తరువాత అజరయ్యగారితో మాటలాడుచు, తన జనులు క్రైస్తవులైనయెడల ఈ సంఘములలో దేనిలో చేరవలెనని అడిగిరనియు, ఆ ప్రశ్నకు బిషప్‌గారు సిగ్గుతో తల వంచిరనియు చెప్పుకొందురు.

ఇదే కాలమున దోర్నకల్ దేవాలయము మెల్లమెల్లగా లేచుచుండెను. గుమ్మటములు మసీదును, స్తంభములు మండపమును తలపించును. డబ్బు అందినంత మేరకు కట్టుట, అందనినాడు ఆగుట. పల్లె స్త్రీలు వంటకు తీసిన బియ్యములోనుండి పిడికెడు వేరుగా పెట్టి తెచ్చిన కానుక, కోతపండుగనాడు వచ్చిన గింజలు, కోళ్లు, గుమ్మడికాయలు, వీటి విలువను ఆయన దొరల చెక్కులకన్న తక్కువగా ఎంచలేదు. క్రైస్తవుడు ఇచ్చుటను గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసిరి. 1939 జనవరి 6న, జ్ఞానులు కానుకలు తెచ్చిన పండుగనాడు, ఆ గుడి ప్రతిష్ఠింపబడెను. మాలలు, మాదిగలు, కమ్మలు, తమిళులు, దొరలు ఒక్క కప్పు క్రింద మోకరించుటకు కట్టిన గుడి అది, అడ్డుగోడ లేదు.

1945 జనవరి 1న, దోర్నకల్‌లో, డెబ్బదియొకటవ యేట అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. ఆ గుడి ప్రక్కనే సమాధి. ఐక్యత ఇంకను కాగితముమీదనే ఉండెను.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని పరిశుద్ధ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. నాలుగు ఆంగ్లికను మండలములు, దక్షిణ ఇండియా ఐక్యసంఘము, మెథడిస్టులు ఒక్క బల్లకు వచ్చిరి. ఎవరి గురువులను మరల అభిషేకించలేదు; ఆ దినమునుండి క్రొత్తగా వచ్చు గురువులకు బిషప్పులు చేతులుంచుదురు. 1950లో వచ్చిన సంస్కార క్రమములో, కేరళలోని సిరియను క్రైస్తవులయొద్దనుండి తెచ్చుకొనిన ఆచారమొకటి చేర్చిరి. రొట్టె విరుచుటకు ముందు సమాధానము చేతినుండి చేతికి, వరుస వెంట వరుస, గుడి చివర కూర్చున్నవాని వరకు పోవును. మన పల్లె గుడులలో ఆ చేయి ఎక్కడ ఆగుచున్నదో అయ్యగారు బల్లయొద్దనుండి చూడగలరు.

జమ్మలమడుగు సంఘములు ఆ దినమే లోపలికి వచ్చెను. అజరయ్యగారు స్వయముగా మేపిన నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతపు ఆంగ్లికనులలో అధికులు రాలేదు. బిషప్ చేతులుంచని గురువుల బల్ల అను పాత చిక్కే వారిని ఆపెను. పెన్నకు ఇవతల ఒక బల్ల, అవతలి కొండల వెనుక మరియొక బల్లగా పాతికేండ్లకు పైగా గడచెను. 1970 దశకములో గాని నంద్యాల మండలము దక్షిణ ఇండియా సంఘములో చేరలేదు. కలసపాడునుండి ఈ వైపునకు కోడళ్లై వచ్చి, పుట్టినింటి బల్ల వేరు, మెట్టినింటి బల్ల వేరుగా బ్రదికిన తల్లులు ఆ నాటికి ముసలివారైరి.